జోసెఫ్ ఫోము బెండ్లు

ఆత్మకూరు బస్టాండు వెనక మోటారు వైండింగు షాపు నడిపే పెంచలప్రసాద్‌కు లోకంలో ఒకే ఒక్క గొప్ప ఉంది. ఏటా ఫిబ్రవరిలో, చెరువు నిండుగా ఉన్నప్పుడు, రిమోటు పడవల పందెం పెడతారు. పడవలు మూరెడుంటాయి, ఒడ్డున నిలబడి నడపాలి. అవి ఎక్కడ మలుపు తిరగాలో తెలియడానికి నీళ్ళలో ఐదు బెండ్లు తేలుతుంటాయి. ఆ బెండ్లు చేసేది పెంచలప్రసాద్. పందేనికి ముందు రిటైరైన లెక్చరర్ రామనారాయణ మైకులో ఆ సంగతి చెప్పడం ఆనవాయితీ. ఆ ఒక్క మాట కోసం పెంచలప్రసాద్ ఏడాదంతా ఎదురుచూస్తాడు.

ఆయన బెండ్లంటే పాత పెయింటు డబ్బాలే. మూతలు బిగించి, సందుల్లో తారు పూసి, ఎర్ర రంగు కొట్టి, తాడుకు రాయి కట్టి వదులుతాడు. నిరుడు వాటికి గుద్దుకుని మూడు పడవల ముక్కులు పగిలాయి. "నడపడం చేతగాకుంటే డబ్బా ఏం చేస్తాది?" అని కొట్టిపారేశాడు.

ఈ ఏడు ఉదయగిరి నుంచి జోసెఫ్ దిగాడు. అక్కడ ఫర్నిచర్ షాపులో సామాను మోసే మనిషి. బీరువాలకు చుట్టి వచ్చే తెల్ల ఫోము షీట్లు పారేస్తుంటే ఏరుకొచ్చి, చాపలా గట్టిగా చుట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి, పైన చిరిగిన రెయిన్‌కోటు గుడ్డ తొడిగాడు. అడుగున ఇసుక నింపిన నీళ్ళ సీసా కట్టాడు. చెరువులో వేసి చూసినప్పుడు పెంచలప్రసాద్ డబ్బాలు పక్కకు ఒరిగి పడుకుంటే, జోసెఫ్ బెండ్లు నిటారుగా నిలబడ్డాయి. పైసా ఖర్చు లేని పని.

"ఈసారికి మూడు నీవి, రెండు జోసెఫ్‌వి వేద్దాం పెంచలప్రసాదూ," అన్నాడు రామనారాయణ. "ఏవి బాగుంటే వచ్చే ఏటినుంచి అవే."

పెంచలప్రసాద్‌కు అన్నం సహించలేదు. భార్య రేణుకాదేవి, "పోతే పోనీయ్, డబ్బాలే గదా," అంటే ఆమె మీద ఇంతెత్తున లేచాడు. జోసెఫ్ మీద ఆయనకు కోపమేమీ లేదు. ఉన్నది కడుపుమంట. ఆ చుట్టలు చూసిన ప్రతిసారీ, ఇంత తేలిక పని నాకెందుకు తట్టలేదని కుమిలిపోయాడు. చెత్తలోంచి ఏరిన ఫోము ఒక్క దెబ్బకు ముక్కలై చెరువంతా తేలుతుందని, ఆ దెబ్బ పందెంలో దింపే తన పడవతో తానే కొట్టాలని తీర్మానించుకున్నాడు.

పందెం రోజున ఆయన పడవే ముందుంది. మోటారు ఆయనే చుట్టుకున్నది, దాని వేగానికి ఎదురు లేదు. మూడో మలుపు దగ్గర జోసెఫ్ బెండు కనపడగానే తిప్పాల్సిన పడవను తిప్పలేదు. వేగం ఇంకా పెంచాడు. పడవ పగిలినా సరే, గెలుపు పోయినా సరే. పొరుగువాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకోవడమంటే ఇదే.

పడవ వెళ్ళి గుద్దింది. బెండు మునిగి, పడవ దాటిపోగానే పైకి లేచి మళ్ళీ నిటారుగా నిలబడింది. పడవకు గీత కూడా పడలేదు, కానీ అది మలుపు తప్పి దూరం పోయేసరికి మిగతా పడవలు ముందుకెళ్ళిపోయాయి. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. నిరుడు ముక్కులు పగిలినవాళ్ళు మరీ గట్టిగా కొట్టారు.

జోసెఫ్ పరుగున వచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "అన్నా, ముందుండి గెలిచే పందెం నా బెండు కోసం పోగొట్టుకున్నావు. గట్టిదో కాదో అందరికీ చూపించాలనే గదా కొట్టినావు? మా ఊళ్ళో గూడా నన్నెవరూ ఇంత నమ్మలేదన్నా."

రామనారాయణ దగ్గరికొచ్చాడు. "నిజమేనా పెంచలప్రసాదూ? కావాలనే కొట్టినావా?"

కాదంటే నడపడం చేతగానివాడవుతాడు. నిజం చెబితే ఊళ్ళో తల ఎత్తుకోలేడు. జోసెఫ్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపును భరించడం కన్నా చెంపదెబ్బ తినడం నయమనిపించింది.

"కావాలనే సార్," అన్నాడు పెంచలప్రసాద్. "ఊరికే చెప్తే మీరు నమ్మరు గదా. వచ్చే ఏడు ఐదూ అవే వేయండి."