పెట్టె మీద రాయని మాట

"విటమిన్ డి ఉందా?" అంటూ ఎవరైనా ఆ మందుల షాపు మెట్టెక్కితే చాలు, కళ్ళజోడక్క చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చేసేది. జ్వరం బిళ్ళలు, దగ్గు మందులు ఎవరిచ్చినా ఆమెకు అభ్యంతరం లేదు. ఆ ఒక్క అర మాత్రం ఆమెది. ఇంకెవరైనా అందులో చెయ్యి పెట్టారో, వాళ్ళ పని అయిపోయినట్టే. షాపు ఓనరు కూడా ఆ అర దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి ఆమె ముఖం చూసేవాడు.

అందులో ఏముందని అంత హడావిడి అంటారా? రోజూ వేసుకునే చిన్న మాత్రలు, చప్పరించేవి, పసిపిల్లల చుక్కలమందు, నోట్లో కొట్టుకునే స్ప్రే, కాల్షియంతో కలిపి వచ్చేవి, వారానికి ఒక్కటే వేసుకోవలసిన పెద్ద క్యాప్సూళ్ళు. అన్ని పెట్టెల మీదా పళ్ళికిలించే సూర్యుడి బొమ్మే. జనం ఆ బొమ్మను చూసే బోల్తా పడేవారు. నోట్లో కొట్టుకోవలసిన స్ప్రేని మోకాలి మీద కొట్టుకుని, నొప్పి తగ్గలేదని దెబ్బలాటకొచ్చిన మహాతల్లి ఒకామె. చుక్కలమందు తియ్యగా ఉందని సీసాకి సీసా చప్పరించేసిన పెద్దాయన ఒకాయన. "బాబాయ్, సూర్యుడి సైజు చూసి మందు కొంటారా ఎవరైనా?" అని నలుగురిలో కడిగేసేది కళ్ళజోడక్క. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు.

ఎవరొచ్చినా ముందు మూడు ప్రశ్నలు. వేరే ఏం మందులు వాడుతున్నారు? కిడ్నీలో రాళ్ళేమైనా ఉన్నాయా? ఎముకల మాత్ర వేసుకుంటున్నారా, ఎందుకంటే అందులోనూ ఇదే ఉంటుంది, రెండూ కలిపి మింగకూడదు. ఇక పెద్ద క్యాప్సూల్ అడిగినవాళ్ళకు పరీక్షే. నల్ల స్కెచ్ పెన్ను తీసి పెట్టె నాలుగు వైపులా "వారానికొక్కటి" అని గోడ మీద రాసినంత పెద్దగా రాసేది. వారంలో ఏ రోజు వేసుకుంటారో అడిగి అదీ రాసేది. "ఏదీ, ఎప్పుడు వేసుకుంటారో నాకు చెప్పండి" అని అప్పజెప్పించుకుని గానీ పెట్టె వదిలేది కాదు. మాత్ర అంటే రోజూ పొద్దున్నే ఒకటి వేసుకునేదే అని మనవాళ్ళ నమ్మకం. వారానికి ఒకటి అంటే, ఇదేం మందు, పనిచేస్తుందా అన్నట్టు చూస్తారు. అలా పెద్దవి రోజూ మింగితే ఒంట్లో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుందని ఆమెకు తెలుసు.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె, చెల్లెలు యూనిఫారాలు కుట్టే కంపెనీలో పనిచేసేవారు. నేలమాళిగలో నలభై మిషన్లు. గోడ పైభాగాన చిన్న చిన్న కిటికీలు. వాటిలోంచి రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపించేవి. ఆడపిల్లలు ఆ కాళ్ళను చూసి నవ్వుకుంటున్నారని సూపర్‌వైజరు ఆ అద్దాలన్నిటికీ బూడిదరంగు పూయించింది. బాత్‌రూముకు వెళ్ళినా గడియారం చూసి గుర్తుపెట్టుకునేది కనుక ఆవిడకు పిల్లలు గడియారం మేడం అని పేరు పెట్టారు.

చెల్లెలికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. నడుములో, తొడల్లో ఒకటే నొప్పి. చేతులు ఆన్చితే గానీ స్టూలు మీంచి లేవలేకపోయేది. "మేడం, భోజనాల టైములో పది నిమిషాలు మేడ మీద ఎండలో కూర్చుంటాం" అని అక్క అడిగితే, మర్నాటికి మేడ తలుపుకు తాళం పడింది. నొప్పికి సెలవు అడిగితే మేడం మిషన్లన్నీ ఆపించింది. "ఏదీ, నడిచి చూపించు. అందరం చూస్తాం" అంది. ఆ పిల్ల రెండు వరుసల మధ్య అటూ ఇటూ ఒరుగుతూ నడిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం రిజిస్టరు తీసి ఆ పిల్ల పేరు పక్కన "నటన" అని రాసింది.

మూడు నెలలకు ఆ పిల్ల మెట్ల మీద పడింది. రెండంటే రెండే మెట్లు. తుంటి ఎముక విరిగింది. ఒంటికి ఎండ తగలక, ఈ విటమిన్ లేక ఎముకలు మెత్తబడిపోయాయని ఆస్పత్రిలో చెప్పారు. ముందే కనిపెట్టి ఉంటే మాత్రలతో పోయేదట. ఇప్పుడు చెల్లెలికి ఒక కాలు రెండు వేళ్ళు పొట్టి. ఇంట్లోనే కూర్చుని బట్టలు సరిచేసి ఇస్తుంది. అక్క కుట్టుపని మానేసి, మందుల చదువు చదివి, ఈ షాపులో చేరింది. కానీ కడుపులో రగిలిన మంట మాత్రం ఆరలేదు. ఎప్పటికైనా ఆ మేడం నా చేతికి చిక్కకపోతుందా అని పళ్ళు నూరుకుంటూనే పద్దెనిమిదేళ్ళు గడిపింది.

చిక్కింది. ఒకనాడు పొద్దున పదకొండింటప్పుడు, జుట్టంతా తెల్లబడిన ఒకావిడ అటూ ఇటూ ఒరుగుతూ వచ్చి రెండు చేతులూ కౌంటరు మీద ఆన్చింది. కళ్ళజోడక్క ఒక్క చూపులో పోల్చుకుంది. మేడం మాత్రం పోల్చుకోలేదు. అప్పట్లో ఈ సోడాబుడ్డి అద్దాలు లేవు మరి!

"విటమిన్ డి బాగా తక్కువుందట అమ్మాయ్" అంటూ మేడం పరీక్ష కాగితం చూపించింది. "డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారటగా? ఇన్ని రకాలున్నాయి, ఏది కొనాలో నాకేం తెలుసు. బలమైనది నువ్వే చూసివ్వు. తొడలు తెగ పీకేస్తున్నాయి. చెప్తే మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు. అన్నీ వేషాలంటారు."

కళ్ళజోడక్క కడుపు చల్లబడింది. అబ్బ, ఎంత తియ్యటి మాట! ఇంకోసారి చెప్పించుకుని విందామా అనిపించింది. మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. తిన్నగా వెళ్ళి పెద్ద క్యాప్సూళ్ళ పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అలవాటు కొద్దీ చేతిలోకి స్కెచ్ పెన్ను వచ్చేసింది.

"రోజూ పొద్దున్నేగా వేసుకోవడం?" అడిగింది మేడం.

కళ్ళజోడక్క పెన్నుకు మూత పెట్టేసింది. "కడుపు నిండా తిన్నాక వేసుకోండి, ఒంటికి బాగా పడుతుంది" అంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది. "ఏంటక్కా, లాటరీ తగిలిందా?" అని చెల్లెలు నవ్వింది. "ఏం లేదులే" అంది. చెప్పాలనిపించింది, కానీ చెప్పలేదు. అంతా అయ్యాక ఒకేసారి చెబుదామనుకుంది. ఏదంతా, ఎక్కడిదాకా అని తనను తాను ప్రశ్నించుకోలేదు.

పెట్టెలో ఎనిమిది ఉంటాయి. తొమ్మిదో రోజు పొద్దున్నే మేడం హాజరు. "అయిపోయాయి, ఇంకో పెట్టె ఇవ్వు" అంది. అంటే రోజుకొకటి మింగేసిందన్నమాట. అప్పుడైనా నోరు విప్పవచ్చు. నవ్వేసి, "పొరపాటైందమ్మా, వారానికొకటే" అనేస్తే సరిపోయేది. కళ్ళజోడక్క కిమ్మనకుండా రెండో పెట్టె ఇచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఇంకాస్త ముందుకెళ్ళింది.

"ఆ బరువు చూసే మిషను దాకా నడిచి రండి. మీ నడక చూడాలి" అంది.

షాపులో అయిదారుగురు ఉన్నారు. అందరి ముందూ మేడం ఒరుగుతూ వెళ్ళి, ఒరుగుతూ వచ్చింది. "ఇంకోసారి" అంది కళ్ళజోడక్క. మేడం ఆయాసపడుతూ ఇంకోసారి నడిచింది. పక్కనున్న కుర్రది ఒకతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు, బాగా నవ్వు అనుకుంది కళ్ళజోడక్క. ఆ రోజు ఆమెకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

నాలుగో పెట్టె, అయిదో పెట్టె కూడా అలాగే వెళ్ళాయి. ఆరోసారి వచ్చేసరికి మనిషి మనిషిలా లేదు. పెదాలు ఎండి పగిలాయి. నీళ్ళ సీసా తీసి గటగటా తాగింది, మాట మధ్యలో ఆపి మళ్ళీ తాగింది. తిన్నది నిలవడం లేదట, విరేచనమై వారమైందట. ఇవాళ ఏ రోజో అడిగితే తడబడింది. ఇవన్నీ ఏమిటో కళ్ళజోడక్కకు పుస్తకం చూడనక్కర్లేకుండా తెలుసు. అయినా చెయ్యి అర మీదికే వెళ్ళింది. పెట్టె తీసింది.

మేడం ఆ చేతిని పట్టుకుంది. "నా నొప్పి నిజమని నమ్మింది నువ్వొక్కదానివే అమ్మాయ్. పాపం, నడిపించి మరీ చూశావు. కడుపులో ఏమీ ఇమడకపోయినా, నువ్విచ్చావని ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుంటున్నా" అంది.

కళ్ళజోడక్కకు తల కొట్టేసినట్టయింది. జాలా? జాలీ లేదు, గీలీ లేదు. ఆవిడ తిట్టి ఉంటే హాయిగా ఆ పెట్టె ఇచ్చి పంపేది. పద్దెనిమిదేళ్ళు కడుపులో పెట్టుకున్న పగకు ఈ ముసలావిడ చేతులు పట్టుకుని దండం పెట్టినంత పని చేస్తుంటే, అది మాత్రం మింగుడు పడలేదు. పెట్టె విసిరి అరలో పడేసింది. "పదండి" అని మేడం రెక్క పట్టుకుని, దొరికిన బండి ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయింది.

రక్తంలో కాల్షియం ఆకాశాన్ని అంటింది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది, ఇంకో రెండు వారాలైతే చెప్పలేకపోయేవాళ్ళం అని డాక్టరమ్మ సెలైను పెట్టించింది. అప్పటికి మేడం కొడుకు పరిగెత్తుకొచ్చాడు.

"వారానికొకటి వేసుకునేవి రోజూ వేసుకోమని ఎవరు చెప్పారు?" డాక్టరమ్మ అడిగింది.

"ఎవరు చెప్తారండీ, మా అమ్మ తెలివే అది" అన్నాడు కొడుకు విసుగ్గా. "చెప్పింది వినదు, తనకు తోచిందే చేస్తుంది. పాపం ఈవిడ పని మానుకుని మరీ తీసుకొచ్చారు."

అక్కడితో అయిపోయేది. ఎవరూ ఆమె వంక అనుమానంగా చూడలేదు. నోరు మూసుకుని మెట్లు దిగిపోతే షాపూ ఉండేది, పేరూ ఉండేది. కానీ కళ్ళజోడక్క అక్కడే నిలబడిపోయింది.

"ఆవిడ అడిగింది. నేనే చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే" అంది.

కొడుకు నోరు తెరిచాడు. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. మంచం మీంచి మేడం, "ఎందుకమ్మా?" అంది. నేలమాళిగ, రంగు పూసిన కిటికీలు, నడక, రిజిస్టరు, విరిగిన తుంటి, అన్నీ ఏకబిగిన కక్కేసింది కళ్ళజోడక్క. మేడం కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"ఏ అమ్మాయి? చాలామంది ఉండేవాళ్ళుగా. నాకు గుర్తులేదమ్మా" అంది.

కళ్ళజోడక్కకు ఆ సెలైను సూది పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది. "నా చెల్లెలు!" అనేసి బయటికి వచ్చేసింది. కబురు ఆమె కంటే ముందే షాపుకు చేరింది. ఓనరు లోపలికి కూడా రానివ్వలేదు. "రేపట్నుంచి రావద్దు. మందుల శాఖ నుంచి విచారణకొస్తే నువ్వే చెప్పుకో" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు.

మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వచ్చిన అక్కను చూసి చెల్లెలు సూది పక్కన పెట్టింది. కళ్ళజోడక్క కూలబడి, మొదటి పెట్టె నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ చెల్లెలి ముఖం చూసింది. ఎంత పాపం చేశావే అంటుందేమో అనుకుంది. నాకోసం ఇంత చేశావా అని ఏడుస్తుందేమో అని కూడా, ఒక మూల, ఆశపడింది.

చెల్లెలు రెండూ అనలేదు. "నెలన్నర" అంది. "నెలన్నర పాటు ఆవిడ నీ కౌంటరు దగ్గరికొచ్చింది. నాకు ఒక్క మాట చెప్పలేదు."

"నువ్వు బాధపడతావని..."

"బాధా?" చెల్లెలి గొంతు పెద్దదైంది. ఆ పిల్ల అంతలా అరవడం కళ్ళజోడక్క ఎన్నడూ వినలేదు. "ఆవిణ్ణి చంపాలనుకున్నదీ నువ్వే, బతికించాలనుకున్నదీ నువ్వే. మొదలుపెట్టేటప్పుడు నన్ను అడిగావా? ఆపేటప్పుడు అడిగావా? ఆ అమ్మాయి ఎవరని ఆవిడ అడిగితే, దానికీ నువ్వే జవాబు చెప్పి వచ్చావు. విరిగింది నా కాలక్కా!"

చెల్లెలు గోడ పట్టుకుని లేచింది. ఒకటి ఎత్తు, ఒకటి పల్లంగా కుట్టించుకున్న చెప్పులు తొడుక్కుంది.

"ఏ వార్డు?"

"రెండో అంతస్తు, కుడివైపు ఆఖరి మంచం. ఉండు, నేనూ వస్తా" అని అక్క లేవబోయింది.

"నువ్వు రావద్దు" అంది చెల్లెలు. "గుర్తులేదందిగా. గుర్తొచ్చేదాకా ఆవిడ పక్కనే కూర్చుంటా."

తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. కళ్ళజోడక్క చెల్లెలు వదిలేసిన కుట్టు ముందు కూర్చుని, మెట్లు దిగుతున్న ఆ చెప్పుల చప్పుడు వింది.