బావి లోతు, శిఖరం ఎత్తు

గుడికి శిఖరం అక్కరలేదు. ఈ మాట కొత్త కోడలిగా ఉన్నప్పుడు నలుగురిలో అన్నాను, ఇప్పుడు పళ్లూడిన నోటితోనూ అంటున్నాను. మొన్న మా చర్చి సంఘం కుర్రవాళ్లు ఇద్దరు వచ్చారు. ఇక్కడ పట్నంలో మన గుడికి ఎత్తైన శిఖరం కట్టి, దాని మీద రంగు దీపాలు పెడతామని, చందా ఇమ్మని అడిగారు. ఇదే చెప్పాను. నొచ్చుకున్నారు.

"ఏందవ్వా, మీ పల్లె గుడికి శిఖరం ఉండాది గదా. దానికి నువ్వే రాళ్లు మోసినావంట గదా" అన్నాడు ఒకడు.

మోశాను. ఎందుకు మోశానో ఆ పిల్లవాడికి గడపలో నిలబెట్టి చెప్పడం కుదరలేదు. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు పిల్లల తల్లినయ్యాక వచ్చాయి. ఎక్కడైనా వంకర పోతే సర్దుకుని చదవండి.

నేను పుట్టింది ఆదోనిలో. అమ్మా నాన్నా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలీలు. మా పేటలో ఏసయ్య గుడి ఉండేది, గుడి ముందు శిఖరం ఉండేది. దూరం నుంచి చూసేవాళ్లకు అది గొప్ప. నాకు మాత్రం అదంటే పావురాళ్ల రెట్ట. శనివారం వస్తే దాని కింద ఊడ్చి కడిగే పని మా ఇంటిది. మా అత్త పత్తి కాలంలో ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి జిన్నింగు పనికి వచ్చేది. ఒక శనివారం గుడికి వచ్చి, శిఖరం వంక మెడ పట్టేసేలా చూసి, తల దించేసరికి చీపురుతో నేను కనిపించాను. "శిఖరాన్ని ఊరికి మోసుకురాలేక ఈ పిల్లని కోడలిగా తెచ్చింది" అని మా మామ అందరికీ చెప్పి నవ్వేవాడు.

అత్తవారి పల్లెలో గుడి అంటే మట్టి మిద్దె. రాతి గోడలు, పైన చౌడు మట్టి, ముందు నాలుగు కంబాల మీద చిన్న పంచ. వేపచెట్టుకు రైలు పట్టా ముక్క కట్టి ఉండేది, ప్రార్థనకు దాన్నే కొట్టేవాళ్లు. నాకు ఆ గుడి నచ్చింది. ఎండాకాలం లోపల చల్లగా ఉండేది, ఊడవడానికి పావురాళ్లు లేవు.

నచ్చనిది నీళ్లు. మా గేరి, అంటే మా వాళ్ల వాడ, ఊరికి దూరంగా ఉండేది. రైతుల బావి దగ్గర మేము గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. కుండలు కింద వరసగా పెట్టుకుని కూర్చోవాలి. రైతుల ఇళ్ల ఆడవాళ్లు తమ బిందెలు నింపుకున్నాక, ఎవరికైనా మనసు పుడితే మా కుండల్లో పోసేవారు. పుట్టకపోతే లేదు. ఎండలు ముదిరితే అదీ లేదు, వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తుకోవాలి. ఆదోనిలో మా పేట బావిలో నేనే చేదుకున్నదాన్ని. ఇక్కడ చెయ్యి చాపి కూర్చోవడం నాకు అన్నం సహించకుండా చేసింది. అప్పుడు కడుపుతో ఉన్నాను. నాకు ఒకటే కోరిక. నా చేత్తో నేను నీళ్లు చేదుకోవాలి. నా బిడ్డకు కుండ వెనక కూర్చోవడం అలవాటు కాకూడదు.

మా సంఘంలో దేవుని పిడికిలి అని ఒకటి ఉండేది. పొద్దున సంగటికి జొన్నలో కొర్రలో తీసేటప్పుడు, ప్రతి ఇంటి ఆడదీ ముందుగా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడిలో గంపలో కుమ్మరించాలి. ఆ గింజలు ఎమ్మిగనూరు సంతలో అమ్మి, వచ్చినది పాదిరి అయ్యగారి దగ్గర ఉంచేవాళ్లు. గుడి పనికి అని చాలా ఏళ్లుగా దాస్తున్నారు. ఏ పనికో మాత్రం ఎవరూ తేల్చలేదు.

తేల్చింది ఒక బండివాడు. పత్తి వేసుకుని ఆదోని పోతూ, ఆదివారం పొద్దున్నే మా గుడి దగ్గర బండి విప్పి, ఎద్దులను పంచ కంబాలకు కట్టి, ముందు గడ్డి వేసి, తాను నీడన పడుకున్నాడు. మేము ప్రార్థనకు వచ్చేసరికి ఎద్దులు పేడ కూడా వేశాయి.

మా అత్త కొంగు బిగించింది. "ఎవురప్పా నువ్వు? దేవుని గుడిలో గొడ్లు కడతావా?"

బండివాడు లేచి కళ్లు నులుముకున్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే బిత్తరపోయాడు. "గుడా? యాడుండాది గుడి? గొడ్ల కొట్టం అనుకుంటినే! తప్పాయప్పా, తప్పాయ" అని లెంపలేసుకుని, తానే చేత్తో పేడ ఎత్తి, ఎద్దులు విప్పుకుని పోయాడు.

అతను తిట్టి ఉంటే మా అత్త మరిచిపోయేది. ఆ పోటు అతను క్షమాపణ అడగడంలో ఉంది. ఆ రోజు పాట పాడలేదు ఆమె. ప్రార్థన అయ్యాక లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఇంగ వినండి. మంత్రాలయం దావలో పోయేటోడు గోపురం సూసి దండం పెడతాడు. మసీదు మినారు సూసి సాయిబు చెప్పులిడుస్తాడు. మన గుడి సూసి గొడ్లు కడతారు. మన పిడికిలి గింజలతో శిఖరం కట్టల్ల. దూరం నించి వొచ్చేటోనికి కూడా, ఈడ మనుషులుండారు, వాళ్లకొక దేవుడుండాడు అని తెలియల్ల."

మగవాళ్లు అందరూ తలలూపారు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా లేచాను. కోడలు అత్తకు ఎదురు మాట్లాడటం, అందులోనూ గుడిలో, అంతకు ముందు ఎవరూ చూడలేదు.

"శిఖరం వద్దు. బావి కావల్ల. గుడి ఎనక జాగా మనదే."

మా ఆయన నా వంక చూసి, నేల వంక చూసి, తర్వాత ఎటూ చూడలేదు.

అత్త గిర్రున తిరిగింది. "శిఖరం నీడన పుట్టినదానివి, నీకు శిఖరం చేదాయనా?"

"నేనే గదా అత్తా దాని కింద రెట్ట ఊడిసింది. శిఖరం మీద కూసునేది పావురాలు. కుండ పట్టుకోని కింద కూసునేది మనం."

ఆడవాళ్ల వైపు నుంచి ఒకటే నవ్వు. అయ్యగారు నెమ్మదైన మనిషి, ఎవరినీ నొప్పించలేక రెండు వైపులా తలాడించేవాడు. ఆ రోజు మాత్రం ఒక మంచి మాట అన్నాడు. "పిడికిలి తీసింది ఆడోళ్లు. వాళ్లనే అడుగుదాం."

ఆడవాళ్లు అందరూ బావి అన్నారు, మా అత్త ఒక్కతి తప్ప. ఆమె కూడా నీళ్ల కుండ మోసినదే. అయినా గొడ్ల కొట్టం అన్న మాట ఆమె చెవిలోంచి దిగలేదు.

ఎమ్మిగనూరు నుంచి బావులు తవ్వే వడ్డె మేస్త్రీని పిలిపించారు. యుద్ధం నడుస్తున్న రోజులు, రాయి పేల్చే మందు దొరకదు. గడ్డపారతో, సమ్మెటతోనే తవ్వాలి అన్నాడు. మేమే కూలీలం, ఆయన చూపించేవాడు. పత్తి అయిపోయి చేలల్లో పని లేని ఎండాకాలం. గుడి వెనక గుర్తు గీసి, నిలబడి మేస్త్రీ అడిగాడు. "పైన రేగడి, దాని కింద గరుసు, దాని కింద అంతా రాయే. రాయి శానా వొస్తాది. యాడ పోయల్ల?"

ఎవరికీ ఆ ఆలోచన లేదు. పంచలో ముడుచుకుని కూర్చున్న మా అత్త తలెత్తింది. ముఖం వెలిగింది.

"గుడి ముందర పోయండి" అంది. "బావి మీది. రాయి నాది."

అలా కుదిరింది. బావిలోంచి వచ్చిన రాయి ఎంతైతే అంత శిఖరం. దానికని వేరే ఖర్చు లేదు. అయ్యగారు ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. వచ్చిన రాయిని ఎక్కడో ఒక చోట వేయాలి కదా.

ఇక పని మొదలైంది. మగవాళ్లు దిగి కొట్టేవాళ్లు, తాళ్లతో గంపలు పైకి లాగేవాళ్లు. మేము నెత్తిన పెట్టుకుని గుడి ముందుకు మోసేవాళ్లం. అక్కడ గోడ కట్టడం వచ్చిన ఇద్దరు ముగ్గురు, మట్టి అడుసుతో రాయి మీద రాయి పేర్చేవాళ్లు. మా అత్త అందరికంటే ముందు వచ్చి, అందరి తర్వాత పోయేది. నన్ను మాత్రం పెద్ద గంపలు ఎత్తనిచ్చేది కాదు. "కడుపులోనోడు శిఖరం వైపు ఉండాడు, వాన్ని నొప్పించాకు" అనేది.

అప్పుడు పుట్టింది అసలు తమాషా. నీళ్లు తొందరగా పడితే శిఖరం పొట్టిది. శిఖరం పొడుగు కావాలంటే నీళ్లు ఆలస్యం కావాలి. పొద్దున బావిలోకి తొంగి చూసి, తడి లేదని మేమంతా ఉసూరుమంటే, ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని హుషారుగా గంప ఎత్తుకునేది.

"ఏమవ్వా, నీల్లు పడల్లని ప్రార్థన సేస్తాండావా, రాయి పడల్లనా?" అని గేరి ఆడవాళ్లు ఏడిపించేవారు.

"మీరు అంతమంది అడుగుతాండారు, నేనొక్కదాన్ని అడుగుతాండా. ఆయనకు ఎవురి మాట ఇనపడితే అది" అనేది, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"రైతుల బావి కాడ కూసోని కూసోని నీ నడుము వొంగిపోయ గదవ్వా!"

"అందుకే గదమ్మే. తలెత్తి సూసేది ఒకటన్నా ఉండల్ల."

ఆ మాట విన్న రోజు నేను చిన్న గంప ఎత్తుకుని ఆమె వెనకే నడిచాను.

శిఖరం మిద్దె అంచు దాటింది. ఇంకొంచెం లేచింది. రైలు పట్టా ముక్క వేలాడదీయడానికి పైన కిటికీలాంటిది వదిలారు. దాని మీద ఇంకా మనిషెత్తు లేపి, కొన తేల్చాలని అత్త లెక్క.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ బావిలోంచి కేక పెట్టాడు. రాయి పగులులోంచి నీరు చిమ్మింది. మేమంతా గట్టు మీదికి పరిగెత్తాం. గట్టు ఎక్కకూడదని అలవాటైన కాళ్లు ఒక్క క్షణం ఆగి, ఎక్కాయి. చూస్తూ ఉండగానే అడుగున నీళ్లు మడమలు ముంచాయి.

మా గేరిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త చెలమ తోడినా, కొత్త గుంట తవ్వినా, ఉన్నవాళ్లలో పెద్ద ఆడమనిషి ముందు రుచి చూడాలి. ఆమె తాగే నీళ్లు అన్నాకే మిగతావాళ్లు నోట పెట్టాలి. మా సీమలో ఉప్పు బావులు ఎక్కువ. ఉప్పు అని ఆమె అంటే ఆ బావి వదిలేసి ఇంకోచోట తవ్వాలి. కొత్త నీళ్లకు ఎప్పుడూ బురద రుచి ఉంటుంది, రవ్వంత ఉప్పు చాయ ఉంటుంది. ఆ పూట ఉప్పు అన్నా నమ్ముతారు, తీపి అన్నా నమ్ముతారు. ఆ రోజు అక్కడ ఉన్న పెద్ద ఆడమనిషి మా అత్త.

ఒక్క మాట చాలు ఆమెకు. ఇంకో బావి, ఇంకో రాళ్ల కుప్ప, ఆమె కోరినంత ఎత్తు శిఖరం. నాకేమో ఇంకో ఏడాది రైతుల బావి కింద కుండ వరస.

మేస్త్రీ చెంబులో నీళ్లు పైకి పంపాడు. అత్త చెంబు అందుకుంది. కొన లేకుండా మొండిగా నిలబడిన శిఖరం వంక చూసింది. చెంబు ఎత్తి, నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పింది. మింగింది. మళ్లీ ఒక గుక్క తాగింది. మళ్లీ.

"తాగే నీల్లే" అంది. తర్వాత విసుగ్గా, "తియ్యగా ఉండాయి. ఇంగ నేనేం సేయల్ల!" అంది.

అరుపులు, నవ్వులు, ఏడుపులు. ఆమె మాత్రం బావి అంచుకు పోయి వంగింది.

"ఓ మేస్త్రీ, ఇంగ రోంత తవ్వితే?"

"ఇంగ తవ్వల్లంటే ఈత నేర్చుకోవల్ల అవ్వా!"

చెంబులో మిగిలినది ఆమె నా చేతిలో పెట్టింది. "తాగు. వాడు నీ వైపే ఉన్నట్టుండాడు" అంది. ఆ నీళ్లలో సగం ఇసుక. అంత రుచి మళ్లీ దేనిలోనూ చూడలేదు.

శిఖరం అక్కడే ఆగింది. పిడికిలి గింజల్లో గిలకకూ, తాడుకూ, చేదకూ, మేస్త్రీకీ పోగా మిగిలినదానితో సున్నం తెచ్చి బావి గట్టుకు పూశారు. అడుగున మిగిలిన సున్నంతో శిఖరం ముందు వైపు మాత్రం పూశారు. వెనక వైపు ఇప్పటికీ రాయే. దారిన పోయేవాళ్లు "ఏందప్పా, సగంలో నిలిపినారు?" అని అడిగేవారు. "నీల్లు పడినాయి" అని మేము చెబితే వాళ్లకు అర్థమయ్యేది కాదు. ఎద్దులు మాత్రం మళ్లీ ఎవరూ కట్టలేదు.

నీళ్లు ఇంటి దగ్గరికి వచ్చాక పొద్దు మిగిలింది. అప్పటిదాకా నాకు పొద్దు మిగలడం అంటే ఏమిటో తెలియదు. అయ్యగారి భార్య మమ్మల్ని కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించింది. కూర్చునేది శిఖరం నీడలో. పొట్టిదైనా మధ్యాహ్నం దాటితే ఆరేడుగురు ఆడవాళ్లకు నీడ ఇచ్చేది. ఆ మాట అత్త ఊరుకోకుండా ఎత్తి చూపేది. "సూసినావా, శిఖరం ఎందుకన్నావు? ఇంగ రోంత పొడుగుంటే ఇంగ నలుగురు సదువుకుంటాండ్రి."

"ఇంగ రోంత పొడుగుంటే ఇంగా నీల్లు పడక, ఈ నలుగురూ రైతుల బావి కాడుంటాండ్రి" అనేదాన్ని.

ఆమె కడదాకా ఆ వాదన వదల్లేదు, నేనూ వదల్లేదు. సాయంత్రం చేద వేసి నీళ్లు తోడి చెంబు ఇస్తే, శిఖరం అరుగు మీద కూర్చుని, పైకి చూస్తూ తాగేది. తాగి, మూతి తుడుచుకుని, "మనిషెత్తు తగ్గిపాయ" అనేది.

ఆ కుర్రవాళ్లు మళ్లీ వస్తామన్నారు. రానీ. ఎత్తు ఎంతని నేను అడగను. గుడి వెనక ఏం తవ్వుతున్నారని అడుగుతాను.