మగ్గం గుంతల పక్క పిల్లర్లు

2023 వేసవి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే రామాంజి తన మిద్దె మీద ఇంకో అంతస్తు వేయాలని అనంతపురంలోని మా ఇంజినీర్ల ఆఫీసుకు వచ్చాడు. కింద నాలుగు మగ్గాలు, వాటి సందుల్లోనే ఇంటిల్లిపాదికీ పడక. మగ్గాలు కింద ఉంచి మనుషులు పైన పడుకోవాలని ఆయన కోరిక.

నా పని న్యూమరికల్ మోడలింగ్. పిల్లర్లలోని కాంక్రీటునూ కమ్మీలనూ కంప్యూటర్‌లో అంకెలుగా కట్టి, ఉత్తుత్తి భూకంపంతో ఊపి చూస్తాను. పై అంతస్తు బరువు వేసినా రామాంజి పిల్లర్లు నిలిచాయి. సంతకం పెట్టేముందు ఇల్లు చూసొద్దామని వెళ్లాను, అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లు ఆడించడానికి నేలలో గుంత తవ్వుతారు. మగ్గం కొయ్యలు కదలకుండా పిల్లర్లకు కట్టుకోవచ్చని రామాంజి గుంతలన్నీ ఒకే వరుస పిల్లర్ల పక్కన తవ్వించాడు. నేల బిగించి పట్టుకుందని నేను లెక్కేసిన పిల్లర్లు గుంత అడుగుదాకా బయటికే ఉన్నాయి.

సరేనని గుంతలతో మళ్లీ మోడల్ కట్టాను. ఆ పిల్లర్లే విరుగుతాయనుకున్నాను. అవి హాయిగా ఊగి నిలిచాయి, గుంతల్లేని అవతలి వరుసవి విరిగాయి! నాకు మతి పోయింది. గుంతల పక్కన బయటపడి పొడుగైనవి వంగుతుంటే, నేలలో పాతుకున్న అవతలి పొట్టివి బిర్రబిగుసుకుని భారమంతా మీదేసుకున్నాయని మెల్లగా తోచింది. పోనీ అదైనా ఖాయమా? మట్టి గట్టిదనం అంకె కాస్త మారిస్తే అన్నీ నిలబడుతున్నాయి, ఇంకాస్త మారిస్తే మళ్లీ కూలుతున్నాయి. కంప్యూటర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం దాని తప్పేముంది. ఏ అంకె నిజమో చెప్పాల్సింది నేను, నాకే తెలియదు.

ఉన్న మిద్దెకు ఢోకా లేదని, పై అంతస్తు సంగతే తేలడం లేదని, మళ్లీ ఆఫీసుకు వచ్చిన రామాంజికి చెప్పాను. గుంతలు పూడిస్తే కుదురుతుందేమో అన్నాను. పూడిస్తే నేత యాడ నేసేదని ఆయన అడిగాడు. చివరికి నా ముఖంలోకి చూశాడు.

"ఈ లెక్కలు నాకు తెలీవు మేడమ్. ఒగటే అడుగుతా. పైన ఇంకో మిద్దె లేచినంక, ఆడ మీ నాయన్ను పండుకోబెడతావా?"

లెక్కల కాగితాలు పక్కన పెట్టాను.

"లేదన్నా."

"అయితే వద్దులే," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ పిల్లర్లు నిలుస్తాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా నా పనేనని ఆ ఇల్లు నేర్పింది. అలా చెప్పినందుకు వాళ్లు ఇంకా మగ్గాల సందుల్లోనే పడుకుంటున్నారు, అది తలుచుకుంటే నాకు బాధే.