నాలుగో కారు కరెంటు తక్కువ తాగింది

చిన్నప్పుడు పక్కింట్లో కుక్కర్ కూసినా పరుగెత్తుకెళ్లి "ఎందుకు?" అనేది. దాంతో వీధి వీధంతా ఆ పిల్లకు ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది. పెళ్లయినా, కరెంటు కార్ల కంపెనీలో కుదురుకున్నా ఆ పేరు వదల్లేదు. ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. కొత్త కార్లను అమ్మే ముందు రోడ్డు మీద తిప్పి చూస్తారు. తిరిగినంతసేపూ వేగం, బ్యాటరీ వేడి, తాగిన కరెంటు అంకెలై కంప్యూటర్లో పడతాయి. వాటిలో ఏది నిజం, ఏది మీటరు తిక్క అని తేల్చి ఆమె సంతకం పెడితేనే ఆ అంకెలు కంపెనీ గడప దాటాలి.

ఒకసారి నాలుగు కార్లను ఒకే దారిలో, ఒకే వేగంతో తిప్పారు. మూడూ ఒకేలా కరెంటు తాగాయి. నాలుగోది పిట్ట తిన్నట్టు తింది. పెద్దసారు ముఖం చాటంత అయింది.

"కొనేవాళ్లకిచ్చే కాగితంలో ఈ అంకే వేద్దాం. సంతకం పెట్టెయ్యమ్మా."

"మిగతావాటికి రానిది దీనికెలా వచ్చింది సార్?"

"మంచి జరిగినా ఆరాలేనా తల్లీ!"

ఆమెకు ముద్ద దిగలేదు. ఆ అంకెను నమ్ముకుని బయల్దేరిన సంసారం పిల్లాపాపలతో నడిరోడ్డున ఆగిపోతేనో? మీటరు మార్చి చూసింది. టైర్లలో గాలి చూసింది. బరువు తూయించింది. ఎక్కడా తేడా లేదు. ఇక మిగిలింది ఆ కారు డ్రైవరే.

ఆయన నెరిసిన మీసాల పెద్దమనిషి, కంపెనీలో అందరికీ బాబాయ్. మర్నాడు పొద్దున్నే వెళ్లి పక్క సీట్లో కూర్చుంది.

"నా మీద కాపలానా అమ్మాయ్?"

"షికారు బాబాయ్. తిప్పవా ఏం?"

పెద్ద రోడ్డెక్కగానే ఆయన ఓ భారీ లారీని చూసుకుని దాని వెనక చేరాడు. అది పక్కదారి పడితే ఇంకోదాని వెనక. ముందు అద్దం నిండా లారీ తలుపులే. ఎందుకమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది.

"ఏంటి బాబాయ్, దాన్ని వదలవేం? పిల్లనిచ్చావా?"

"ఎదర ఖాళీ రోడ్డు కనబడితే నాకు భయమేస్తుందమ్మా. మా అన్న లారీ వెనకాలే నడపడం నేర్చుకున్నా. ముందు పెద్దదేదో ఒకటుంటే ధైర్యం."

ఆమె కిటికీ దించి చెయ్యి బయట పెట్టింది. అంత వేగంలోనూ గాలి మెత్తగా తగిలింది.

"ఒక్కసారి పక్కకు తియ్యి."

లారీ చాటు దాటారో లేదో, గాలి చేతిని వెనక్కి విసిరికొట్టింది. తెర మీద కరెంటు అంకె ఎగిరి కూర్చుంది. కిటికీ మూసి మళ్లీ చూసినా అదే వరస.

పెద్దసారు గదిలోకి నేరుగా వెళ్లింది. "అంకెలు అబద్ధం కాదు సార్. కానీ ఎదురుగాలి తగలకుండా లారీ కాచింది. కారు కొన్నవాళ్లకు లారీ కూడా ఇస్తామా?"

"మళ్లీ తిప్పాలంటే ఆలస్యం. పైవాళ్లకు నేనేం చెప్పను?"

"ఆలస్యమైందనే చెప్పండి. నేను మాత్రం సంతకం పెట్టను."

ఆయన గొణిగాడు, ఫైలు బల్ల మీద పడేశాడు. చివరికి సరేనన్నాడు.

సంగతి విని బాబాయ్ చిన్నబుచ్చుకున్నాడు. "అయితే నా కారు గొప్పంతా లారీదేనా?"

"నేను పక్కనుంటాగా, పద."

ఖాళీ రోడ్డు మీద ఆయన స్టీరింగును ఉడుంపట్టు పట్టాడు. ఆమె కబుర్లు ఆపకుండా ఆయన చేత దారంతా నడిపించింది. దిగేసరికి నాలుగో కారు అంకె మిగతా మూడింటి పక్కకు బుద్ధిగా వచ్చి చేరింది. ఎందుకమ్మ సంతకం పెట్టింది. కాగితంలో గొప్పలేం లేని ఆ మామూలు అంకే పడింది.

బాబాయ్ చెమట తుడుచుకుని, నీళ్లు తాగి, ఇంకా కారు దగ్గరే నిలబడ్డాడు.

"ఇంకోసారి తిప్పాలా అమ్మాయ్? చివర్లో అంత భయమెయ్యలేదు."