గేటు తీసేలోపు

ఇంటర్ రెండో సంవత్సరంలో నేను ఎంసెట్‌కు చదివింది రైల్వే గేటు దగ్గర. ఆ పరీక్షకు ఇప్పుడేదో కొత్త పేరు పెట్టారు గానీ మా ఊళ్ళో అందరికీ అది ఎంసెట్టే. గుంతకల్లు దాటాక కొన్ని మైళ్ళ దూరంలో మా ఊరు. ఊరికీ తారురోడ్డుకీ మధ్య రైలు పట్టాలు, వాటి మీద ఒక గేటు. ఆ గేటు మా నాయనది. అంటే రైల్వేవాళ్ళదే, ఆయన దానికి గేటుమ్యాను, కానీ మా నాయన మాట్లాడే తీరు వింటే ఆయన సొంత ఆస్తి అనుకుంటారు.

ఇంట్లో చదవడానికి కుదిరేది కాదు. ఒకటే గది, అందులో టీవీ, దాని ముందు మా అవ్వ. అవ్వకు చెవుడు కాబట్టి సీరియల్ ఊరంతా వినాల్సిందే. అందుకని పుస్తకాలు తీసుకుని గేటు దగ్గరికి పోయేదాన్ని. గేటు గదిలో ఫ్యాను ఉంది. కానీ నాయన లోపలికి రానిచ్చేవాడు కాదు.

"బయటోళ్ళు లోపల కూర్చోకూడదు."

"నేను బయటదాన్నా నాయనా?"

"డ్యూటీలో ఉన్నప్పుడు అందరూ బయటోళ్ళే."

ఒళ్ళు మండిపోయేది. గది పక్కన నీడలో ఒక నాపరాయి ఉండేది, దాని మీద కూర్చునేదాన్ని.

లెక్కలు రావు అని కాదు, వేగం లేదు. నూట అరవై ప్రశ్నలకు మూడు గంటలు. నేను ఒక్కో ప్రశ్న దగ్గర పాతుకుపోయేదాన్ని. నాయన పదో తరగతి తప్పినవాడు, లెక్కల్లో సాయం చేయలేడు. కానీ ఒకరోజు గేటు వేస్తూ "వేస్తాండా, మొదలుపెట్టు" అన్నాడు. బండి పోయాక గేటు ఎత్తుతూ "ఎన్ని అయినాయి?" అన్నాడు. మూడు అన్నాను. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. ప్యాసింజరైతే ఐదారు నిమిషాలు, గూడ్సైతే ఇంకొంచెం ఎక్కువ. గేటు పడితే పెన్ను ఎత్తాలి, గేటు లేస్తే దించాలి. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి గూడ్సుకు తొమ్మిది చేస్తున్నాను.

నేను లెక్కలు చేస్తుంటే గేటు దగ్గర గొడవలు వినిపిస్తూనే ఉండేవి. ఒకసారి ఎవరో నాయకుడి కారు ఆగింది. పక్కనున్నవాడు దిగి, "ఏమప్పా, ఎవురి కారో తెల్సునా?" అన్నాడు. "నాకు తెల్సన్నా, బండికి తెలీదు గదా" అన్నాడు నాయన. గేటు వేసి స్టేషను మాస్టరుకు ఫోనులో చెప్పాక, బండి దాటేదాకా తీయకూడదు. ఆయనకు తెలిసిన చట్టమంతా అదొక్కటే. గేటు కింద దూరేవాళ్ళను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ దూరలేదు.

పరీక్ష మేలో, అనంతపురంలో, మధ్యాహ్నం పూట. ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరని హాల్ టికెట్ మీదే రాశారు. రోడ్డు మీద పదకొండున్నరకు బస్సు, అది తప్పితే ఇంకోటి గంటన్నర తర్వాత. అందులో పోతే అందదు. ఈ ఏడాది పోతే మళ్ళీ ఏడాది రాద్దామనుకోవడానికి లేదు. కోచింగ్ హాస్టల్లో పెట్టి చదివించే శక్తి మాకు లేదు, గవర్నమెంటు కాలేజీలో సీటు వస్తేనే ఇంజనీరింగ్, లేకపోతే గుంతకల్లులో బట్టల కొట్లో పని. అమ్మ అప్పటికే ఆ కొట్టు ఆమెతో మాట్లాడి పెట్టింది.

ఆ రోజు నన్ను బస్సెక్కించడానికి అమ్మ తోడొచ్చింది. మేము పదకొండుంబావుకు గేటు దగ్గరికి చేరేసరికి నాయన హ్యాండిలు తిప్పుతున్నాడు. మా కళ్ళ ముందే గేటు పడింది. నాయన అవతల, మేము ఇవతల.

బండి రాలేదు. ఐదు నిమిషాలైనా రాలేదు, ఎక్కడో ఆగినట్టుంది. పట్టాలు రెండువైపులా ఖాళీగా మెరుస్తున్నాయి. ఇద్దరు మోటారుసైకిలు వంచి గేటు కింద దూరి పోయారు. గొర్రెలాయన ఒకడు, "నీ బిడ్డే గదప్పా, పరీచ్చంట, రోంత ఎత్తు" అన్నాడు.

"ఫోనులో లైను ఇచ్చేసినా. బండి వస్తాండాది."

అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. "దూరి పోవే నువ్వు."

వంగాను కూడా. నాయన నన్నే చూస్తున్నాడు.

"నువ్వు దూరితే రేప్పొద్దున నేనెవుర్ని ఆపేది?" అన్నాడు. తిట్టలేదు. అడిగాడు.

నేను నిలబడిపోయాను. దూరంగా రోడ్డు మీద బస్సు కనిపించింది. ఏడాదంతా ఆ రాయి మీద కూర్చున్నది గుర్తొచ్చింది.

"నన్నెందుకు సాకినావు నాయనా? ఈ గేటునే సాకుకో పో" అని అరిచాను.

ఆయన పచ్చజెండా తీసుకుని తన చోటుకు పోయి నిలబడ్డాడు. అప్పుడు వినిపించింది ఇంజను కూత.

ముడి ఇనుము గూడ్సు. ఇంజను దాటింది, ఒక్కో వ్యాగనూ నింపాదిగా కదులుతోంది. నేను ఏడుస్తున్నాను. వ్యాగన్ల సందుల్లోంచి అవతలి రోడ్డు ముక్కలు ముక్కలుగా కనపడుతోంది. ఒక సందులో బస్సు. ఇంకో సందులోనూ బస్సు, అదే చోట. చివరి పెట్టె దాటాక చూస్తే నాయన కుడిచేత్తో గార్డుకు పచ్చజెండా చూపిస్తున్నాడు. ఎడమచేత్తో, గార్డుకు కనపడకుండా తన ఒంటి చాటున, రోడ్డు వైపు ఎర్రజెండా పట్టుకుని ఉన్నాడు.

గేటు లేచింది. పరిగెత్తాను. నాయన నావైపు చూడలేదు. "హాల్ టికెట్టు ఉండాదా?" అన్నాడు, అంతే. బస్సు డ్రైవరు తిడుతూనే ఉన్నాడు. "ముప్పై ఏండ్ల సర్వీసులో బస్సుకు ఎర్రజెండా చూపిచ్చినోన్ని ఈ పొద్దే చూస్తాండా."

పరీక్ష రాశాను. సీటు వచ్చింది, అనంతపురంలోనే.

కానీ ఆ సాయంత్రం తిరిగొచ్చి బస్సు దిగగానే ఇంటికి పోబుద్ధి కాలేదు. నాయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. నాపరాయి మీద కూర్చున్నాను. మధ్యాహ్నం నీడ జరిగినట్టుంది, ఎండకు కాలి ఉంది అది.

"ఎన్ని అయినాయి?" అన్నాడు.

"నూట నలభై తొమ్మిది."

తల ఊపాడు. నేనే అన్నాను. "నాయనా, పొద్దున నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?" జెండా చుడుతూ అన్నాడు. "బండి చప్పుడులో నాకేమీ ఇనపల్లేదు పాపా."

నేనా మాట అన్నప్పుడు బండి ఇంకా రానే లేదు.