రత్నాలు వేళ్ల అలవాట్లు

అరకు సంత వీధిలో అర్జీలు టైపు చేసే రత్నాలును చుట్టుపక్కల కొండ ఊళ్లన్నీ ఎరుగును. ఆమె మిషను ముందు కూర్చుంటే రేకుల మీద వాన మొదలైనట్టుండేది. ఒడియా కలిసిన మాటల్లో వాళ్లు కష్టం చెబుతుంటే, వింటూనే తెలుగులో కొట్టేసేది.

2003లో షాపు యజమాని సూర్యనారాయణ ఆ మిషను తీసేసి కంప్యూటరు పెట్టాడు. రత్నాలు వేళ్లు దారి తప్పాయి. పాత మిషనులో వత్తు మరిచిపోతే బ్యాక్‌స్పేస్ కొట్టి వెనక్కెళ్లి అక్షరం కింద వేసేది. ఇక్కడ బ్యాక్‌స్పేస్ అక్షరాన్నే మింగేస్తోంది.

"ఏటే, అర్జీ రాత్తన్నావా, తుడుత్తన్నావా?" నవ్వుతూనే అన్నాడు సూర్యనారాయణ. "బేగి నేర్సుకో. నేకపోతే మా మేనకోడలు శ్రావణి ఉంది."

కంప్యూటరు బిగించిన వినయ్ మాత్రం, "నువ్వు మారక్కర్లేదక్కా, దీన్నే నీ దారికి తెస్తా" అన్నాడు.

తెచ్చాడు. బ్యాక్‌స్పేస్ వెనక్కి జరగడమే నేర్చుకుంది, తినడం మానేసింది. ఆ రోజు రత్నాలు అతనికి జీలుగు కల్లు తెప్పించింది.

వినయ్ మళ్లీ మళ్లీ వచ్చాడు. వెనక నిలబడి ఆమె వేళ్లనే చూసేవాడు. "ఇంకేం అలవాట్లున్నాయక్కా?" ఆమె మురిసిపోతూ చెప్పేది. 'తహసీల్దారు వారి దివ్య సముఖమునకు' ఒక కీలో ఇమిడింది. పోడు భూమి అర్జీ మొత్తం మరో కీలో. చెప్పిన ప్రతిసారీ, లోయలోంచి మంచు లేచిపోయినట్టు, చేతుల్లోంచి ఏదో వెళ్లిపోయేది.

ఒక సంతనాడు టీ తాగి వచ్చేసరికి తన కుర్చీలో శ్రావణి ఉంది, వెనక వినయ్ నిలబడి ఉన్నాడు. ఒక్క వేలితో నొక్కుతోంది. తెర మీద రత్నాలు వాక్యాలు, రత్నాలు లేకుండానే దిగుతున్నాయి.

"నువ్వింక రోజూ రానక్కర్నేదులే," అన్నాడు సూర్యనారాయణ, ఆమె ముఖం చూడకుండా.

ఎదురుగా పెదబయలు బుధు నిలబడి ఉన్నాడు. అడవికెళ్లిన కూతురు తిరిగి రాలేదని తన మాటల్లో చెబుతున్నాడు. శ్రావణికి ఆ మాట రాదు. కొండవాడు కదా అని పోడు కీ నొక్కింది. కాగితం బయటికొచ్చింది. చదువురాని బుధు దండం పెట్టి, వేలిముద్రకు బొటనవేలు చాపాడు.

అతను చెప్పింది కూతురి గురించి, కాగితంలో ఉన్నది భూమి గురించి అని ఆ గదిలో రత్నాలుకే తెలుసు. చెబితే తప్పిపోయినవాళ్ల అర్జీకీ ఒక కీ పెడతారు.

"ఆగు బుధూ, అది కాదు" అంది.

వెనక నుంచి వినయ్ ముందుకు వంగాడు. "ఏది కాదక్కా? నెమ్మదిగా చెప్పు."