అవ్వకు వినపడని స్పీకర్లు

ఆత్మకూరు బస్టాండు పక్క షాపులో కంప్యూటర్ స్పీకర్లు చవగ్గా వచ్చాయన్న కబురు మొదట తెచ్చింది మా అన్న. ఉదయగిరిలో మా ఇంటికి పాత కంప్యూటర్ ఒకటి కొని పెట్టింది కూడా ఆయనే. దానికి గొంతు లేదు.

"ప్రార్థనలో పాట ఎత్తుకునేది నువ్వే గదా మే. నీ చెవి మంచిది, నువ్వే పోయి చూసి తీసుకోనిరా," అన్నాడు.

అన్నకు ఆటలు, సినిమాలు కావాలి. అవ్వకు కీర్తనలు కావాలి. బడికి పోని నాకు బైబిలు ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్దించింది అవ్వే. అప్పటికి ఆమెకు చూపు ఆనడం లేదు, చెవి కూడా మందగించింది. కీర్తనలు చదివి రికార్డు చేసిన సీడీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

షాపు భాయ్ రెండు రకాలు చూపించాడు. ఒకటి చిన్న జత. రెండోదానికి కింద ఒక చెక్కపెట్టె. దాంట్లో సినిమా ఫైటు వేస్తే బల్ల అదిరింది. నిలబడ్డవాళ్లంతా నోళ్లు తెరిచారు.

"ఇంట్లో పెద్దోళ్లు వింటారామ్మా? మాటలకైతే చిన్నదే తేటగా ఉంటాది," అన్నాడు భాయ్.

అంతమందిలో కీర్తనల సీడీ బయటికి తీయడానికి సిగ్గేసింది. "పెద్దోళ్లెవురూ లేరు భాయ్," అనేసి చెక్కపెట్టె ఉన్నదే కొనుక్కుని ఇంటికొచ్చాను.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేయనిదే వాడరు. అవ్వ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి, "నా చెవుల్ని తలుచుకోని తెచ్చిన బిడ్డను దీవించు తండ్రీ," అంది. నేను ఆమెన్ అన్నాను.

సీడీ వేస్తే చదివే గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"బాంబుల ఆటకైతే భలే ఉండాయి!" అన్నాడు అన్న.

"మబ్బు ఉరిమినట్టుండాది. బాగుండాదిలే మే," అంది అవ్వ.

రోజూ సాయంత్రం దాని ముందు కూర్చుని తల ఊపుతూ వినేది. అది చూసి నా మనసుకు నేనే సర్దిచెప్పుకున్నాను. వారం తర్వాత ఒకరోజు, సీడీ ఎప్పుడో అయిపోయింది. అవ్వ ఇంకా తల ఊపుతూనే ఉంది.

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని షాపులో నేనన్న మాట చెప్పేశాను.

"దానికేందిమే ఏడస్తావు? సిగ్గుపడే వయసు నీది," అని నా తల నిమిరింది.

మర్నాడు పెట్టె తీసుకుపోతే భాయ్ మారు మాట్లాడకుండా చిన్న జత ఇచ్చాడు. దేవుడు ఆయన్ను చల్లగా చూడాలి. అవ్వ పోయేదాకా కీర్తనలు తేటగానే విన్నది. నా మాట మాత్రం నాలోంచి పోలేదు. ఆ రోజు నేను లేదన్న మనిషిని మీరొక్కసారి తలుచుకోండి.